జూలై ఒకటో తారీకు కేకు

మొన్న జూలై ఒకటిన తెల్లారకుండానే ఫోను టింగుమంది. కళ్ళజోడు వెతుక్కుని చూద్దును కదా, మా బ్యాంకువాడు. నాకు జన్మదిన శుభాకాంక్షలట. ఆ వెనకాలే బీమావాడు. ఆ తర్వాత, ఎప్పుడో నాలుగేళ్ళ కిందట నేను కళ్ళజోడు కొన్న కొట్టువాడు. కడుపున పుట్టినవాళ్ళు ఇంకా పక్కల మీంచి లేవనే లేదు, ముక్కూ మొహం ఎరగనివాళ్ళంతా నన్ను నూరేళ్ళు చల్లగా ఉండమంటున్నారు.

ఇంతకీ నేను జూలై ఒకటిన పుట్టలేదండీ.

మా అమ్మ లెక్కలో నేను పుట్టింది గోదారికి పెద్ద వరదొచ్చిన ఏడు, శ్రావణ మాసంలో. అంటే 1953 ఆగస్టు. పురిటికి పోలవరంలో పుట్టింటికి వెళ్ళింది. నేను భూమ్మీద పడ్డ మూడో రోజుకి నీళ్ళు వీధరుగు ఎక్కాయట. నన్ను చేటలో పడుకోబెట్టి, పైన పాత చీర కప్పి, మెరక మీదున్న ఎవరింటికో మోసుకుపోయారట. బడిలో వేసేటప్పుడు మాస్టారు "ఎప్పుడు పుట్టాడయ్యా?" అనడిగితే, మా నాన్న "వరదల్లోనండి" అన్నాడు. రిజిస్టరులో వరదలు రాసుకునే గడి ఉండదు కదా. మాస్టారు కలం విదిలించి 1-7-53 వేసేశారు. మా క్లాసులో సగం మందిమి జూలై ఒకటివాళ్ళమే. అదే సర్టిఫికెట్టుకెక్కింది, అదే ఆధారుకెక్కింది, ఇప్పుడు అదే కేకుకెక్కింది.

మా రోజుల్లో పుట్టినరోజుకి తారీకు లేదు, తిథి ఉండేది. అది ఎప్పుడొస్తుందో మనకి తెలియదు, అమ్మకి తెలుసు. ఓ పొద్దున్న నిద్రమొహాన ఉండగానే పీట మీద కూలేసి నెత్తిన నూనె చరిచిందంటే, ఓహో, ఇవాళ పుట్టానన్నమాట అనుకునేవాణ్ణి. సున్నిపిండి పెట్టి ఒళ్ళంతా చర్మం లేచిపోయేలా నలిచేది. కుంకుడు పులుసు కళ్ళలో పడి ఏడిస్తే "పుట్టినరోజున ఏడవకూడదు" అని ఓ మొట్టికాయ. కొత్త చొక్కాకి నాలుగు అంచులా పసుపు, హారతి, పెద్దల కాళ్ళకి దండం. మధ్యాహ్నం పూర్ణం బూరెలు, పరమాన్నం. నాకు "హ్యాపీ" ఏదో కావాలని ఆ ఇంట్లో ఒక్కరూ నోటితో చెప్పలేదు. కానీ బూరెలకి పూర్ణం రుబ్బిన నాన్నమ్మ, పొయ్యిలో కట్టెలు ఎగేసిన అత్తయ్య, బజారు నుంచి బెల్లం మోసుకొచ్చిన చిన్నాన్న, అందరూ ఆ పూట నా కోసం చెమటోడ్చినవాళ్ళే.

కేకు లేదా అంటారేమో. ఎందుకు లేదు! సాయంత్రం దిబ్బరొట్టె ఉండేది. పొట్టు మినప్పప్పు రుబ్బి, బియ్యపు నూక కలిపి, మందపాటి ఇనప మూకుట్లో నూనె తళతళలాడించి, జానెడు వెడల్పున, రెండంగుళాల మందాన పిండి పోసేది మా నాన్నమ్మ. మూకుడు కింద కుంపట్లో నిప్పులు. మూకుడు మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, దాని మీదా నిప్పులు. పైనా సెగే, కిందా సెగే. పక్కన మేము చొంగ కారుస్తూ కూర్చునేవాళ్ళం. "మూత ముట్టుకున్నారో, అట్లకాడతో వాతలు పెడతా" అనేది. అరగంటకి దింపితే పైన ఎర్రటి పెచ్చు, లోపల దూదిలాంటి మెత్తదనం. చెరుకు పానకంలో ముంచుకుని తినేవాళ్ళం. ఓవెన్ అనే మాట ఆవిడ చెవినెప్పుడూ పడలేదు కానీ, ఓవెన్ పనంతా ఆవిడకొచ్చు.

ఇప్పటివాళ్ళకి కావలసింది పొరలున్న కేకట. గోదారోళ్ళకి పొరల గురించి ఒకరు చెప్పాలా? ఆత్రేయపురం వెళ్ళి పూతరేకు విప్పి చూడమనండి. తాపేశ్వరం మడత కాజా కొరికి చూడమనండి. ఎన్ని పొరలో లెక్క పెట్టేలోగా నోట్లో ఉండవు.

ఇప్పటి పుట్టినరోజుల సంగతి చెప్పమంటారా? మా జంగారెడ్డిగూడెం బోసుబొమ్మ సెంటర్లో నిలబడి తలెత్తితే చాలు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వేలు చూపిస్తున్న కుర్రాడి ఫ్లెక్సీ. వాడి చుట్టూ తపాలా బిళ్ళలంత మొహాలు ఓ పాతిక. మా ఫ్లెక్సీలు చూసి పరాయి ఊరివాడు ఎన్నికలొచ్చాయనుకుంటాడు. అర్ధరాత్రి పన్నెండింటికి బండి సీటు మీద బేకరీ కేకు పెట్టి, కొబ్బరి బొండాలు కొట్టే కత్తంత కత్తితో కోసి, నోట్లో పెట్టేది ఆవగింజంత, మొహానికి పూసేది అరకిలో. మిగిలింది రోడ్డు మీద కుక్కలకి. తినే పదార్థం మొహానికి పూస్తే మా నాన్నమ్మ ఆ పూటకి అన్నం మానిపించేది. పైగా వెలుగుతున్న దీపాలు నోటితో ఉఫ్ మని ఊదడం! మా ఇళ్ళలో దీపం ఆరిందనే మాట కూడా అనరు, కొండెక్కిందంటారు. పుట్టినరోజు నాడు పట్టుబట్టి ఊది ఆర్పి, పైన చప్పట్లా?

ఈ గొణుగుడంతా నేను ఏటా చేసేదే. మా ఆవిడ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది. ఈసారి మాత్రం మా అమ్మాయి కూతురు పట్టుకుంది. హైదరాబాదులో చదువుతోంది, సెలవులకొచ్చింది. "బేకరీ కేకు నీకు పడదు కదా తాతయ్యా. నేనే చేస్తాను. మొదటి నుంచీ" అంది.

"మొదటి నుంచీ అంటే? మైదా జల్లించడం దగ్గర్నుంచా?"

"కాదు. మన తోటలోంచి."

అక్కడ నా నోరు పడిపోయింది. ఎందుకంటారా, మా తోటలో ఉన్నది కోకో.

మాది మెట్ట. డెల్టావాళ్ళ వరి పొలాలు చూసి మేం అలా ఉంటామనుకోకండి. మేం పొగాకు, జీడిమామిడి, ఇప్పుడు పామాయిలు. నేను పాతికేళ్ళపాటు వర్జీనియా పొగాకు వేశాను, బ్యారన్‌లో ఆకు కాల్చాను, వేలంపాటలో బేళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత ఓపిక తగ్గి కొబ్బరి పెట్టాను. కొబ్బరి నీడలో కోకో బాగా వస్తుందని కంపెనీవాళ్ళొచ్చి మొక్కలిచ్చి, కొమ్మలు ఎలా కత్తిరించాలో చూపించి వెళ్ళారు. అలా ఇరవై ఏళ్ళు దాటింది. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే, రాష్ట్రంలో ఎక్కువగా మా చుట్టుపక్కలే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టి మమ్మల్ని పశ్చిమ గోదావరిలోంచి తీసి ఏలూరు జిల్లాలో వేశారు గానీ, కోకో చెట్లకి ఆ సంగతి తెలియదు, ఎప్పటిలాగే కాస్తున్నాయి.

కాయ కొడితే లోపల తెల్లటి గుజ్జులో ముప్ఫై నలభై గింజలు. గుజ్జు చీకితే సీతాఫలానికీ లిచీకీ మధ్య ఓ తీపి. గింజ కొరికితే చేదు విషం. గుజ్జుతో సహా బుట్టలోకెత్తి, అరిటాకులు కప్పి, మధ్యమధ్య తిరగేస్తూ ఆరు రోజులు పులియబెట్టాలి. చెయ్యి పెడితే కాలేంత వేడి పుడుతుంది, వెనిగర్ కంపు కొడుతుంది. ఆపైన వారం రోజులు ఎండబెట్టి గోనెల్లోకెత్తితే వ్యాపారి వచ్చి పట్టుకుపోతాడు. ఆఫ్రికాలో ఘనా, ఐవరీ కోస్టుల్లో పంట దెబ్బతిందని 2024 ఎండాకాలంలో కిలో వెయ్యి రూపాయల దాకా పలికింది. ఊళ్ళో అందరం ఓ వెలుగు వెలిగాం. మరుసటేడాదికి అందులో సగానికి పడిపోయింది. రోడ్డెక్కి ధర్నాలు చేశాం. మా గింజకి రేటు కట్టేది లండన్‌లోనూ న్యూయార్కులోనూ కూర్చున్నవాళ్ళట. వాళ్ళెవరూ జంగారెడ్డిగూడెం బస్సెక్కిన పాపాన పోలేదు.

అంత చరిత్ర ఉన్న నేను, నా గింజలో చాక్లెట్ రుచి ఎక్కడుందో ఒక్కనాడూ చూడలేదండీ. చేదు గింజ అమ్ముతాం. మనవలొస్తే బజారుకెళ్ళి రంగు కాగితంలో చుట్టిన బిళ్ళ కొంటాం. ఆ రెంటికీ నడుమ ఏం జరుగుతుందో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇప్పుడు మా తాడికలపూడిలోనే గింజలు పులియబెట్టి, హైదరాబాదులో చాక్లెట్లు చేసి, మా నేల పేరు చెప్పి అమ్ముతున్నారని ఈ పిల్ల చెబితే తెలిసింది. పాతిక కిలోమీటర్లు పట్టదు తాడికలపూడి. హైదరాబాదు మీదుగా తిరిగొచ్చింది కబురు.

పని నాలుగు రోజుల ముందు మొదలైంది. గోనెలోంచి కిలో గింజలు తీసి, రాళ్ళూ రప్పలూ ఏరి, ఇనప మూకుట్లో వేసింది. మంట సన్నంగా పెట్టి అట్లకాడతో తిప్పుతూనే ఉంది. మొదట ఆ వెనిగర్ కంపు ఇల్లంతా కమ్మింది. మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. పావుగంటకి గింజలు చిటపటమన్నాయి. ఆ తర్వాత వచ్చిందండీ వాసన! నేను వీధిలో వాలుకుర్చీలో ఉన్నవాణ్ణి లేచి వంటింటి దాకా వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా ఆ చెట్ల కింద తిరుగుతున్నాను, ఆ వాసన మా గుమ్మంలోకి రావడం అదే మొదలు.

చల్లారాక అప్పడాల కర్రతో మెల్లగా నలిపితే పెంకు విడింది. ఇక పెంకు వేరు చెయ్యాలి. పిల్ల ఫోను ముందు పెట్టుకుని, జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో గాలి కొట్టింది. పెంకూ పప్పూ కలిసి వరండా అంతా పరుచుకున్నాయి. మా ఆవిడ చూసి చూసి, "లే అవతలికి" అని చేట తెచ్చింది. నాలుగు విసుర్లు. పెంకు గాలికి ఎగిరి పెరట్లో పడింది, పప్పు నల్లగా మెరుస్తూ చేటలో మిగిలింది. పిల్ల నోరు తెరుచుకుని చూసింది. "ఇంకోసారి చెయ్యి అమ్మమ్మా, వీడియో తీస్తాను" అంది. కందులు, మినుములు, నువ్వులు చెరిగి చెరిగి అరిగిన చెయ్యి అది. దానికి వీడియో కావాలా?

ముప్పావు కిలో పప్పు తేలింది. దాన్ని రుబ్బడానికి మిషన్ ఎక్కడిది? మా ఇడ్లీ గ్రైండరే. నేను నవ్వాను. "నవ్వకు తాతయ్యా. అమెరికాలో చిన్న చిన్న చాక్లెట్ తయారీవాళ్ళు వాడే రాతి మిషన్లు మన కోయంబత్తూరు ఇడ్లీ గ్రైండర్లని చూసి మార్చుకున్నవే" అంది. అదీ మన బతుకు! మన రోలు వాళ్ళింట్లో, మన గింజ వాళ్ళింట్లో, మనకి మిగిలింది చట్నీ.

ఒకటే షరతు, ఒక్క నీటి చుక్క పడకూడదు. పడితే చాక్లెట్ ముద్ద కట్టి పాడవుతుందట. రాళ్ళు కడిగి, తుడిచి, ఎండలో రోజంతా పెట్టింది. నీళ్ళు పొయ్యకుండా రుబ్బితే తిరుగుతుందా అనుకున్నాను. గింజలో సగం పైగా కొవ్వే కదా, రాళ్ళ రాపిడికి వేడెక్కి, గంటకల్లా దానంతటదే కరిగి పలచబడింది. పంచదార దంచి పోసింది. మోటారు కాలుతుందని మధ్యమధ్య ఆపుతూ నాలుగు గంటలు రుబ్బింది. వేలు పెట్టి నాకితే నాలిక్కి కాస్త ఇసకలా తగిలింది. కొట్లో బిళ్ళంత నున్నగా లేదు. కానీ మింగాక కూడా గొంతులో చాలాసేపు ఉంది.

ఒకటో తారీకు మధ్యాహ్నం కేకు. మా ఇంట్లో గుడ్డు వంటింటి గడప దాటదు. అందుకని కలపడం వరండాలో, కాల్చడం హాల్లో. హాల్లో నా కుర్చీ పక్కనే ఓవెన్ పెట్టారు. లాక్‌డౌన్‌లో మా అబ్బాయి కొన్నాడు దాన్ని. మూడు నెలలు బిస్కెట్లు చేశారు, ఆ తర్వాత దాని మీద పాత పేపర్లు పెట్టుకుంటున్నాం. మైదా, గుడ్లు, మా గేదె వెన్న, పంచదార, రుబ్బిన చాక్లెట్. వంటసోడా పొంగాలంటే పులుపు తగలాలని పుల్లపెరుగు. చాక్లెట్ రుచి పైకి లేస్తుందని వేడి కాఫీ డికాషన్. అన్నీ కలిపితే ముదురు బెల్లం పాకంలా జారింది. ఓవెన్ చిన్నది, ఒకసారికి ఒక పళ్ళెమే పడుతుంది. ఒక పొర అయ్యాక రెండోది. గుండ్రటి మీట నూట ఎనభై దగ్గర పెట్టి, "ముప్ఫై అయిదు నిమిషాలు. తలుపు మాత్రం తియ్యకు తాతయ్యా" అని చెప్పి పెరట్లోకి పోయింది.

నాకు చెబుతుంది తలుపు తియ్యొద్దని! దిబ్బరొట్టె మూత దగ్గర పెరిగినవాణ్ణి. పైగా పొగాకు బ్యారన్ దగ్గర ఎన్ని రాత్రులు కాపలా కాశానో! ఆకు పసుపు తిరిగేదాకా నూరు డిగ్రీలు దాటనివ్వకూడదు. ఆ తర్వాత అంచెలంచెలుగా పెంచుకుంటూ పోయి, ఈనె ఎండడానికి నూట అరవై. అక్కడ ఆగాలి. అర్ధరాత్రి టార్చి వేసి థర్మామీటరు చూడటం, ఓ కట్టె ఎగెయ్యడం, ఓ కట్టె లాగెయ్యడం. ఒక్క రాత్రి కునుకు తీస్తే ఏడాది కష్టం మసి. అయిదారు రోజులు ఆ సెగ కాసినవాడికి వేడి గురించి వేరే చెప్పక్కర్లేదు.

పేపరు రెండో పేజీ చదువుతూ మీట వంక చూశాను. నూట ఎనభై. బంగారంలాంటి సరుకు మాడి బొగ్గవుతుందే అనిపించింది. అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. మీట నూట అరవైకి తిప్పి మళ్ళీ పేపరు పట్టుకున్నాను.

బ్యారన్ లెక్క ఫారెన్‌హీట్‌ది, ఓవెన్ లెక్క సెంటీగ్రేడ్‌ది అన్న సంగతి నాకు పడుకోబోయే ముందు గానీ తట్టలేదు.

ముప్ఫై అయిదు నిమిషాలకి తీస్తే పైకి పొంగినట్టే ఉంది. బల్ల మీద పెట్టాక, మేమందరం చూస్తుండగానే, నడిమధ్యన సొట్ట పడి మెల్లగా దిగబడిపోయింది. లోపల పచ్చి. పిల్ల మొహం కూడా దాంతోపాటే దిగబడింది. పెరుగు ఎక్కువైందేమోనంది. మా అల్లుడు ఓవెన్ పాతబడిందన్నాడు. గుడ్డు వేస్తే అంతేనంది మా ఆవిడ. నేనూ ఊరుకోలేదు. "మా రోజుల్లో ఇనప మూకుడు ఎప్పుడూ ఇలా మోసం చెయ్యలేదు" అన్నాను. దేవుడు విన్నాడో లేదో తెలియదు.

ఆ పొరని మళ్ళీ లోపల పెట్టి పచ్చి పోయేదాకా ఉంచింది. సొట్ట మాత్రం అలాగే ఉంది. రెండో పళ్ళెం పెట్టబోతూ వంగి మీట చూసింది. ఓ క్షణం ఆగింది. ఏమీ అనకుండా టిక్కుటిక్కుమంటూ నూట ఎనభైకి తిప్పింది. నేను సంతాప ప్రకటనలు చదువుతున్నాను.

రెండోది అచ్చు దిబ్బరొట్టెలా నిండుగా వచ్చింది. సొట్టపడ్డదాన్ని అడుగున పెట్టింది. మిగిలిన చాక్లెట్, కాచిన మీగడలో కలిపి, ఆ గుంట నిండా పోసింది. మంచిదాన్ని మీద పరిచి, పైనంతా పూసి కప్పేసింది. అయిదు నిమిషాల్లో ఏ లోపమూ లేని కేకు నిలబడింది. పొరల కేకు ఎందుకు కనిపెట్టారో నాకప్పుడు అర్థమైంది.

కొవ్వొత్తులు వద్దన్నాను. పిల్ల వాదించలేదు. దేవుడి దగ్గర మా ఆవిడ వెలిగించిన కుందిని తెచ్చి పక్కన పెట్టింది, ఎవరూ ఊదలేదు. కూరగాయల కత్తితో కోశాను, ఎవరి మొహానికీ ఏదీ పూయలేదు. మా తోటలో కాయలు కొట్టే మనిషిని పిలిచి మొదటి ముక్క ఇచ్చాను. ఇరవై ఏళ్ళుగా గింజలు మోస్తున్నవాడు. నోట్లో పెట్టుకుని కాసేపు ఉండిపోయాడు. "ఇది మన గింజేనాండీ?" అన్నాడు. "ఆయ్, మన గింజే" అన్నాను. ఇంకో ముక్క అడిగి, ఇంట్లో పిల్లలకని కాగితంలో కట్టించుకున్నాడు.

ఇక ముక్కలు పంచుతుంటే అందరికీ నడిమి ముక్కే కావాలి. ఆ గుంటలో నిలిచిన చాక్లెట్ అంత మందంగా, చేదూ తీపీ కలిసి, అంత బాగుంది మరి. మా ఆవిడ గుడ్డుందని ఎరిగీ ఓ గోరంత చాక్లెట్ మాత్రం గీకి నాలిక మీద వేసుకుంది. "పర్లేదు" అంది. యాభై ఏళ్ళ కాపురంలో నా విషయంలో ఆ మాట వాడలేదు.

రాత్రి పిల్ల గిన్నెలు సర్దుతూ నా కుర్చీ దగ్గర ఆగింది.

"శ్రావణంలో నీ అసలు పుట్టినరోజుకి మళ్ళీ చేస్తాను తాతయ్యా."

"చెయ్యి. కాదన్నానా?"

"అడుగు పొర నూట అరవైలోనే పెడదామా?"

నేను పేపరు తిరగేశాను. పొద్దున్నుంచీ అదే పేజీ చదువుతున్నానని అప్పుడు చూసుకున్నాను.